పెరట్లో జింక టార్గెట్: చవకైనది, మన్నికైనది ఎంచుకోవడం ఎలా?

జింక టార్గెట్ అనేది విలువిద్య సాధనకు వాడే బొమ్మ. పక్కకు తిరిగి నిలబడ్డ జింక ఆకారంలో దీన్ని ఫోమ్‌తో పోత పోస్తారు. రంగు వలయాలున్న గుండ్రటి టార్గెట్‌లో గురి ఎక్కడ నిలపాలో ముందే గీసి ఉంటుంది. జింక బొమ్మ మీద ఆ గీత దూరానికి కనిపించదు. ముంగాలి వెనకభాగం, పొట్ట వంపు, వీపు గీత చూసి ఆర్చరే ఆ చోటును మనసులో గుర్తు పెట్టుకోవాలి. దూరం ఎంతో కూడా చాలా సందర్భాల్లో సొంతంగా అంచనా కట్టాలి. ఈ రెండింటినీ అలవాటు చేయడమే జింక టార్గెట్ ప్రయోజనం.

జనగామ జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్ లాంటి ఊళ్లలో పెరడు, కల్లం, చేను గెట్టు ఉన్న ఇళ్లకు సాధన చేసే జాగా దొరకడం కష్టం కాదు. చిక్కు టార్గెట్‌తోనే. విదేశాల్లో తయారైన ఫోమ్ జింక తెప్పించుకుంటే బొమ్మ ధరకు రవాణా ఖర్చు తోడవుతుంది. ఇక్కడి ఎండ, నైరుతి వాన, చెదలు కలిసి దాని ఆయుష్షును ఇంకా తగ్గిస్తాయి. అందుకే బొమ్మ అందం కంటే ముందు మూడు సంగతులు చూసుకోవాలి: ఇంట్లో ఉన్న విల్లు బలమెంత, ఆ బాణాన్ని ఏ పదార్థం ఆపగలదు, అరిగిపోయిన భాగాన్ని మార్చే వీలుందా?

జింక బొమ్మ ఎందుకు పుట్టింది?

అమెరికాలో లైసెన్సుతో, నిర్ణీత కాలంలో విల్లుతో తెల్లతోక జింకను వేటాడటం చట్టబద్ధం. ఆ వేటగాళ్ల సాధన కోసమే అక్కడ ఫోమ్ జింకల తయారీ ఒక పరిశ్రమగా ఎదిగింది. రైన్‌హార్ట్, డెల్టా మెకంజీ లాంటి కంపెనీల బొమ్మలు అలా వచ్చినవే. తర్వాత ఇదే ఒక ఆటగా మారింది. అడవిదారిలో అక్కడక్కడా నిలిపిన జంతువుల బొమ్మలపై బాణాలు వేస్తూ సాగే ఈ పోటీని 3డి ఆర్చరీ అంటారు. ప్రపంచ ఆర్చరీ సమాఖ్య 2003 నుంచి ఇందులో ప్రపంచ చాంపియన్‌షిప్ నిర్వహిస్తోంది. బొమ్మ ఎంత దూరంలో ఉందో పోటీదారుకు చెప్పరు. కప్పీలున్న కాంపౌండ్ విల్లుకు ఆ దూరం 45 మీటర్ల వరకు, సంప్రదాయ విల్లులకు 30 మీటర్ల వరకు ఉంటుంది.

మార్కులు వేసే పద్ధతి తెలిస్తే బొమ్మలో ఏ భాగం త్వరగా పాడవుతుందో అర్థమవుతుంది. ముంగాలి భుజం వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోట ఒక గీత గీసి ఉంటుంది. దాని లోపల ఒక వలయం, ఆ వలయం మధ్యలో ఇంకో చిన్న వలయం ఉంటాయి. చిన్న వలయానికి 11, దాని చుట్టూ ఉన్నదానికి 10, గీత లోపల మిగిలిన చోటుకు 8, మిగతా ఒంటికి 5 మార్కులు. కొమ్ముకో గిట్టకో మాత్రమే తగిలితే మార్కు రాదు. అంటే సరిగ్గా వేసే ఆర్చరు బాణాలన్నీ జానెడు చోటులోకే పోతాయి. ఒళ్లంతా కొత్తగా ఉండగానే ఆ ఒక్క చోటు చిల్లుపడుతుంది.

మన దేశంలో ఈ సాధన బొమ్మతోనే మొదలై బొమ్మతోనే ముగియాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకలు, దుప్పుల వేట నేరం. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. వేటకు వాడే బ్లేడు ములుకులతో ఇక్కడ పని లేదు. అవి ఫోమ్‌ను కోసి టార్గెట్‌ను త్వరగా పాడుచేస్తాయి కూడా. సాధనకు గుండ్రటి లోహపు పాయింటున్న బాణాలే సరిపోతాయి.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు?

తెలుగు రాష్ట్రాల ఆర్చర్లు పేరు తెచ్చుకున్నది గుండ్రటి టార్గెట్‌పైనే. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో, 2023 అక్టోబరులో, కాంపౌండ్ విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచారు. ఆ ఊరికే చెందిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచారు. పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్‌కు చెందిన తానిపర్తి చికిత 2025 ఆగస్టులో కెనడాలోని విన్నిపెగ్‌లో అండర్-21 కాంపౌండ్ విభాగంలో ప్రపంచ యువ చాంపియన్ అయ్యారు. ఒలింపిక్స్‌లోనూ ఏషియన్ గేమ్స్‌లోనూ 3డి పోటీ లేదు.

కాబట్టి పోటీలకు తయారయ్యే విద్యార్థికి జింక బొమ్మ తప్పనిసరి కాదు. వెదురు విల్లుతో 30, 50 మీటర్ల దూరాల్లో ఆడే ఇండియన్ రౌండ్‌కైనా, కొనలు ముందుకు వంగిన విల్లుతో ఆడే 70 మీటర్ల రికర్వ్‌కైనా, 50 మీటర్ల కాంపౌండ్‌కైనా గుండ్రటి టార్గెట్ మీదే ఎక్కువ బాణాలు వేయాలి. సాధన విసుగు పుట్టకుండా ఉండటానికి, దూరం అంచనా నేర్చుకోవడానికి, అడవి తరహా పోటీలపై ఆసక్తి ఉన్నవారికి జింక ఉపయోగపడుతుంది. రెండూ కావాలంటే బాణాన్ని ఆపే దిమ్మె ఒకటే ఉంచుకుని, దాని ముందు ఒకరోజు వలయాల కాగితం, మరోరోజు జింక బొమ్మ తగిలించుకోవచ్చు. ఖర్చు తగ్గించే మార్గాల్లో ఇదే మొదటిది.

బాణం ఎలా ఆగుతుంది?

టార్గెట్ చేసే పని ఒకటే, బాణంలో ఉన్న శక్తిని రాపిడితో పీల్చుకోవడం. ఆ శక్తి బాణం బరువు మీద, ఇంకా ఎక్కువగా వేగం మీద ఆధారపడుతుంది. 25 గ్రాముల బాణం వెదురు విల్లు నుంచి సెకనుకు 40 మీటర్ల వేగంతో బయల్దేరితే దానిలో 20 జౌళ్ల శక్తి ఉంటుంది. 20 గ్రాముల రికర్వ్ బాణం 55 మీటర్ల వేగంతో వెళితే 30 జౌళ్లు. 25 గ్రాముల కాంపౌండ్ బాణం 85 మీటర్ల వేగంతో దూసుకెళితే 90 జౌళ్లు. వెదురు విల్లును ఏళ్ల తరబడి తట్టుకున్న గడ్డి దిమ్మెను కాంపౌండ్ బాణం మొదటి రోజే దాటిపోవచ్చు. కారణం ఈ నాలుగున్నర రెట్ల తేడానే.

90 జౌళ్ల బాణాన్ని 20 సెంటీమీటర్ల లోతులో ఆపాలంటే టార్గెట్ సగటున 450 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు 45 కిలోల బరువుకు సమానమైన బలంతో, దాన్ని పట్టుకోవాలి. ఆ పట్టు బాణం పొడవునా పరుచుకుంటే బాణానికి హాని ఉండదు. చెక్క పలకలో జరిగినట్టు అంతా పాయింటు దగ్గరే పడితే బాణం విరుగుతుంది, లేదా వెనక్కి ఎగిరి వస్తుంది. ఇసుక బస్తా, మట్టిగోడ కూడా ఇంతే. బాణం ఆగుతుంది గానీ పాయింటు వంగుతుంది, షాఫ్టు (బాణం కాడ) గీసుకుపోతుంది. మరోవైపు థర్మోకోల్, పరుపుల్లో వాడే మెత్తటి ఫోమ్, వదులుగా నింపిన దూది బాణాన్ని సరిగ్గా పట్టుకోలేవు.

రాపిడి ఎక్కువైతే ఇంకో సమస్య వస్తుంది. వేగంగా దూరిన కార్బన్ బాణం చుట్టూ వేడి పుట్టి ఫోమ్ కొద్దిగా కరుగుతుంది, చల్లారాక బాణానికి అతుక్కుంటుంది. అప్పుడు బాణం లాగడానికి ఇద్దరు మనుషులు కావాలి. మంచి టార్గెట్ బాణాన్ని ఆపడంతో పాటు ఒక మనిషి చేతి బలానికి తిరిగి వదలాలి. సన్నటి షాఫ్టు లావు షాఫ్టు కంటే లోతుకు దిగుతుంది. అందువల్ల విల్లు మారినప్పుడే కాదు, బాణం రకం మారినప్పుడు కూడా టార్గెట్‌ను మళ్లీ పరీక్షించుకోవాలి.

కొనే జింకల్లో రకాలు

మార్కెట్లో దొరికే ఫోమ్ జింకలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఒంటి మొత్తానికీ ఒకే ఫోమ్ పోసినది. ఇందులో ఖరీదైనవి సాగి, బాణం తీశాక రంధ్రాన్ని చాలావరకు మూసుకునే పాలీయూరెథేన్‌తో చేస్తారు. ఇవి ఎక్కువ బాణాలు తట్టుకుంటాయి. వీటిలోనే చవక రకాలు గట్టిగా, పెళుసుగా ఉంటాయి. రంధ్రం మూసుకోదు, పొడి రాలుతుంది, కొన్ని నెలల్లో గుండె చోట గుంట పడుతుంది.

రెండో రకంలో ఒంటిని మామూలు ఫోమ్‌తో చేసి, గుండె చోట విడిగా తీసి పెట్టగల దిమ్మె అమరుస్తారు. కొన్నింటిలో ఆ దిమ్మెను నాలుగు వైపులా తిప్పి వాడుకోవచ్చు. ఒక ముఖం అరిగితే మరోటి ముందుకు తిప్పాలి, నాలుగూ అరిగాక దిమ్మె ఒక్కటే కొనాలి. తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం వాడాలనుకునే ఇంటికి ఈ రకమే మేలు. అయితే కొనేముందే విడి దిమ్మె దొరుకుతుందా, దాని ధరెంత, అది మన ఊరికి చేరుతుందా అని కనుక్కోవాలి. దిమ్మె దొరక్కపోతే ఆ బొమ్మకూ మొదటి రకానికీ తేడా మిగలదు.

బొమ్మ చూసేటప్పుడు గమనించాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. తయారీదారు చెప్పిన గరిష్ఠ వేగం ఇంట్లో ఉన్న విల్లు వేగం కంటే ఎక్కువగా ఉండాలి. గుండె దగ్గర మందం ఎంతో కొలవాలి. సన్నటి ఒళ్లున్న చిన్న జింక చూడముచ్చటగా ఉన్నా కాంపౌండ్ బాణాన్ని ఆపలేదు. కాళ్లు, తల, కొమ్ములు విడిగా బిగించేవైతే దాచడానికీ మార్చడానికీ సులువు. కాళ్లలో ఇనుప కడ్డీలు ఉంటే వాటికి తగిలిన బాణం పాడవుతుంది. కొమ్ములు సాధనకు అక్కరలేదు, తీసి పక్కన పెట్టడమే మంచిది.

ధర కాదు, బాణానికి ఎంత పడుతుందో చూడాలి

టార్గెట్ చవకా ఖరీదా అన్నది దాని మీద రాసిన ధర చెప్పదు. పెట్టిన డబ్బును అది తట్టుకునే బాణాల సంఖ్యతో భాగించాలి. రోజుకు 60 బాణాల చొప్పున వారానికి 5 రోజులు, ఏడాదిలో 50 వారాలు సాధన చేస్తే 15,000 బాణాలవుతాయి. ఉదాహరణకు 12,000 రూపాయల బొమ్మ 6,000 బాణాలకే గుండె చోట చిల్లుపడితే ఒక్కో బాణానికి 2 రూపాయలు పడ్డట్టు. ఆ లెక్కన ఏడాదికి 30,000 రూపాయలు కావాలి. 1,500 రూపాయలతో ఇంట్లో కట్టిన దిమ్మె 3,000 బాణాలు ఆపితే బాణానికి 50 పైసలు, ఏడాదికి 7,500 రూపాయలు. ఈ అంకెలు లెక్క కట్టే పద్ధతి చూపడానికే. ప్రతి ఇల్లూ తన విల్లుతో నెల రోజులు బాణాలు లెక్కపెట్టుకుంటే సొంత అంకె తేలుతుంది.

ఈ లెక్కలో విరిగిన బాణాల ఖర్చును కూడా కలపాలి. కార్బన్ బాణాలు ఖరీదైనవి. బాణాన్ని వంచే, విరిచే చవక టార్గెట్ చివరికి ఖరీదైనదిగా తేలుతుంది. అలాగే, చిన్న జింక బొమ్మను తప్పిన బాణం వెనక రాయికి తగిలి పోతే ఆ నష్టం కూడా టార్గెట్ ఖాతాలోదే. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి నెలల్లో విడి జింక బొమ్మ మీద కాకుండా పెద్ద దిమ్మె మీదే వేయాలి.

ఊళ్లో దొరికే సరుకుతో దిమ్మె

స్టేషన్ ఘన్‌పూర్ చుట్టూ వరి, పత్తి ముఖ్యమైన పంటలు. గోనె సంచులు, వరిగడ్డి, యూరియా బస్తాలు, పాత బట్టలు దాదాపు ప్రతి ఇంట్లో ఉంటాయి. వీటితో మూడు రకాల దిమ్మెలు కట్టుకోవచ్చు.

వీటిలో అన్నిటికంటే సులువైనది గుడ్డ సంచి. గోనె సంచిలో పాత చీరలు, లుంగీలు, జీన్స్ ముక్కలు, టీషర్టులు కూరాలి. గుండీలు, జిప్పులు, హుక్కులు ముందే కత్తిరించాలి, లేకపోతే వాటికి తగిలిన పాయింటు దెబ్బతింటుంది. గుడ్డను ఉండలుగా కాకుండా పొరలుగా పరిచి, ప్రతి పొరనూ కాలితో తొక్కుతూ మూలలు కూడా నింపాలి. పిడికిలితో గుద్దితే లోపలికి పెద్దగా పోకూడదు. మూతిని దబ్బనంతో, పురికొసతో దగ్గర దగ్గరగా కుట్టాలి. నిండిన సంచి బరువుగానే ఉంటుంది, ఉండాలి కూడా. తేలిగ్గా ఎత్తగలిగితే ఇంకా గుడ్డ పడుతుందని అర్థం. గుడ్డ సంచిలో దిగిన బాణం రెండు వేళ్లతో బయటికి వస్తుంది. కొన్ని వారాలకు గుడ్డ కిందికి దిగి పైభాగం ఖాళీ అవుతుంది కాబట్టి మూతి విప్పి మళ్లీ నింపుతుండాలి.

రెండోది గడ్డి దిమ్మె. ఎండిన వరిగడ్డిని పొరలుగా పేర్చి, పైనా కిందా చెక్క పలకలు పెట్టి, తాళ్లతోనో మరల కడ్డీలతోనో బిగిస్తారు. మన దేశంలో ఆర్చరీ మైదానాల్లో గడ్డి దిమ్మెల వాడకం పాతదే. వెదురు విల్లుకు, తక్కువ బలమున్న రికర్వ్‌కు ఇది చాలు. యంత్రం చుట్టిన గుండ్రటి గడ్డి మోపులు పైకి గట్టిగా ఉన్నా కొన్నింటి నడుమ వదులుగా ఉంటుంది, వాటిని విప్పి మళ్లీ బిగించి కట్టాలి. గడ్డి తడిస్తే బూజు పడుతుంది. ఎలుకలు చేరతాయి, వాటి వెంట పాములూ వస్తాయి. నిప్పుకు దూరంగా ఉంచాలి.

మూడోది పట్టీల దిమ్మె, కాంపౌండ్ విల్లుకు సరిపడేది. ప్యాకింగ్‌కు వాడే గట్టి పాలిథిన్ ఫోమ్ షీట్లు, చెప్పుల అట్టలకు వాడే ఈవీఏ షీట్లు, పాత తివాచీలు, అట్టపెట్టెలు దీనికి పనికొస్తాయి. వీటిని 25 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి ఒకదానిపై ఒకటి పేర్చాలి. పైనా కిందా పలక పెట్టి, నాలుగు మూలల్లో మరల కడ్డీలతో బిగించాలి. బాణం పట్టీల అంచుల వైపు నుంచి, రెండు పొరల మధ్యకు దూరేలా నిలబెట్టాలి. పొరలు బాణాన్ని రెండు వైపులా నొక్కి ఆపుతాయి, అవి తెగవు కాబట్టి దిమ్మె చాలాకాలం నిలుస్తుంది. వదులైనప్పుడు కడ్డీల నట్లు కాస్త బిగిస్తే మళ్లీ పట్టు వస్తుంది. అరిగిన పట్టీలను అంచులకు మార్చి, అంచుల్లోవి నడుమకు తేవచ్చు.

పట్టీల దిమ్మెనూ గుడ్డ సంచులనూ కలపడం ఇంకా లాభం. సుమారు నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న చెక్క చట్రంలో నడుమ 40 సెంటీమీటర్ల పట్టీల దిమ్మె, దాని చుట్టూ గుడ్డ సంచులు అమర్చుకోవాలి. గురి కుదిరిన బాణాలు పట్టీల్లోకి, తప్పినవి సంచుల్లోకి పోతాయి. ఖరీదైన పదార్థం ఎక్కువ బాణాలు పడే చోట మాత్రమే ఉంటుంది. ఖరీదైన ఫోమ్ జింకలో విడి దిమ్మె చేసే పని ఇక్కడ కొద్ది ఖర్చుతో జరుగుతుంది.

దిమ్మె మీదికి జింక

జింక రూపం కోసం ఒక పాత దుప్పటో పలచటి గోనె గుడ్డో చాలు. దాని మీద బొగ్గుతో గీసి, గోడ రంగుతో నింపవచ్చు. మగ చుక్కల దుప్పి భుజం దగ్గర ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు. నిజమైన పరిమాణంలో గీస్తే కాళ్ల కింది భాగం చట్రం దాటుతుంది, అది వదిలేయవచ్చు. బాణాలు పడాల్సిన ఒళ్లు మాత్రం పూర్తిగా దిమ్మె మీద ఉండాలి. ముంగాలి వెనక భాగం సరిగ్గా పట్టీల దిమ్మె మీదికి వచ్చేలా గుడ్డను తగిలించాలి. గీతలు పలచగా, దూరానికి కనిపించనంతగా గీయాలి. లేకపోతే గురి చోటును వెతుక్కోవాల్సిన అవసరం పోయి, వలయాల టార్గెట్‌కూ దీనికీ తేడా ఉండదు. కాగితంపై అచ్చువేసిన జంతువుల బొమ్మలు కూడా వాడవచ్చు. అంతర్జాతీయ ఫీల్డ్ ఆర్చరీ సంఘం నిర్వహించే జంతు రౌండ్ పోటీలు కాగితపు బొమ్మలతోనే జరుగుతాయి. ఫ్లెక్సీ మీద వేయిస్తే వానకు తట్టుకుంటుంది గానీ, బాణం మీద ప్లాస్టిక్ మరక పడితే తుడుచుకోవాలి.

చదును బొమ్మకు ఒక లోటు ఉంది. నిజమైన 3డి బొమ్మను పక్కనుంచి, ఏటవాలుగా చూసినప్పుడు గురి చోటు మారుతుంది, గుడ్డ బొమ్మలో అది మారదు. 3డి పోటీలకు సీరియస్‌గా తయారయ్యేవారికి ఫోమ్ జింక ఒకటి ఉండాలి. అప్పుడు కూడా రోజువారీ బాణాలు దిమ్మె మీద వేసి, జింకను వారానికి ఒకసారి బయటికి తీస్తే అది ఏళ్లు నిలుస్తుంది.

జాగా తక్కువైతే బొమ్మను కుదించవచ్చు. 30 మీటర్ల దూరంలోని 90 సెంటీమీటర్ల దుప్పి కంటికి ఎంత కనిపిస్తుందో, 10 మీటర్లలో 30 సెంటీమీటర్ల బొమ్మ అంతే కనిపిస్తుంది. 70 మీటర్ల పోటీలో వాడే 122 సెంటీమీటర్ల గుండ్రటి టార్గెట్‌కు 10 మీటర్లలో సాటి 17.4 సెంటీమీటర్ల బొమ్మ. 50 మీటర్ల కాంపౌండ్ పోటీ టార్గెట్ 80 సెంటీమీటర్లు, 10 మీటర్లలో దాని సాటి 16 సెంటీమీటర్లు. ఒకే దిమ్మె మీద ఇలాంటి చిన్న బొమ్మలు నాలుగైదు అంటించి వరసగా వేస్తే అరుగుదల ఒక్కచోటే పడకుండా పంచుకుంటుంది.

ఎండ, వాన, చెద

మన వాతావరణంలో టార్గెట్లను బాణాల కంటే ఎక్కువగా పాడుచేసేది ఎండ. అతినీలలోహిత కిరణాలు పాలీయూరెథేన్‌ను పసుపుపచ్చగా మార్చి పెళుసు చేస్తాయి. యూరియా బస్తా లాంటి ప్లాస్టిక్ నేత సంచులు నెలల తరబడి ఎండలో ఉంటే చేతికి పొడిలా వస్తాయి. గోనె సంచికి ఎండ కంటే వాన చేటు, తడిసి ఆరితే కుళ్లుతుంది. అందుకే సంచి మీద సంచి తొడగడం మంచిది. లోపల నింపిన గోనె సంచి అలాగే ఉంచి, పైన మరో సంచి తొడిగి, చిరిగినప్పుడల్లా పైదాన్నే మార్చాలి.

ఫోమ్ బొమ్మ అయితే సాధన అయ్యాక పశువుల కొట్టంలోకో వరండాలోకో తేవాలి. కదలని దిమ్మెకు పైన రేకు కప్పు వేయాలి, ముందు వెనకలకు టార్పాలిన్ దించాలి. టార్పాలిన్‌ను దిమ్మెకు అంటుకునేలా చుట్టేస్తే లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది, కింద గాలి ఆడాలి. చెద అందకుండా దిమ్మెను నేలమీద కాకుండా ఇటుకలపైనో ఇనుప స్టాండుపైనో అడుగు ఎత్తున నిలపాలి. వానాకాలంలో వారానికోసారి కప్పు తీసి ఆరబెట్టాలి.

జాగా, జాగ్రత్తలు

టార్గెట్ ఎంత గొప్పదైనా ఏదో ఒక బాణం దాన్ని తప్పుతుంది. ఆ బాణం ఎక్కడికి పోతుందన్నది ముందే తేల్చుకోవాలి. దిమ్మె వెనక ఎత్తైన మట్టికట్టగానీ, కిటికీలు లేని గోడగానీ ఉండాలి. గోడ అయితే దాని ముందు గడ్డి కట్టలో మందపాటి వలో వేలాడదీస్తే బాణాలు మిగులుతాయి. రోడ్డు, కాలిబాట, పక్కింటి వాకిలి, పశువులు తిరిగే దారి బాణం వెళ్లే దిక్కులో ఉండకూడదు. డాబా మీద సాధన చేయకూడదు, తప్పిన బాణం ఎక్కడ పడుతుందో అక్కడి నుంచి కనిపించదు. పొద్దు కళ్లలో పడకుండా ఆర్చరు ఉత్తరం వైపు తిరిగి వేసేలా జాగా చూసుకోవడం మంచిది.

పోటీ మైదానంలో టార్గెట్ నడిబొడ్డు నేల నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, దిమ్మె 10 నుంచి 15 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. గుండ్రటి టార్గెట్‌కు ఇంట్లోనూ ఇదే పాటించవచ్చు. జింక బొమ్మను మాత్రం నేలకు దగ్గరగా, మట్టికట్టను ఆనుకుని నిలపాలి. అప్పుడు పొట్ట కింద నుంచి పోయిన బాణం మట్టిలోనే దిగుతుంది. ఒకరి కంటే ఎక్కువమంది ఉంటే అందరూ ఒకే గీత మీద నిలబడి వేయాలి. అందరూ విల్లులు దించేదాకా ఎవరూ గీత దాటకూడదు.

కొత్త టార్గెట్‌ను 10 మీటర్ల దూరం నుంచి ఒకే ఒక బాణంతో పరీక్షించాలి. బాణం మూడో వంతు లోపలికి పోతే సరైన పట్టు ఉన్నట్టు. మూడింట రెండు వంతులు దాటినా, వెనక పాయింటు కనిపించినా ఆ టార్గెట్ ఆ విల్లుకు చాలదు. ఈకలు లోపలికి దూరేదాకా ఆగకూడదు. ఇదే పరీక్షను నెలకోసారి చేస్తే దిమ్మె ఎప్పుడు వదులవుతోందో ముందే తెలుస్తుంది.

బాణం లాగేటప్పుడు ఒక చెయ్యి టార్గెట్‌పై ఆనించి, రెండో చేత్తో టార్గెట్‌కు దగ్గరగా షాఫ్టును పట్టుకుని తిన్నగా లాగాలి. పైకీ కిందికీ ఊపితే రంధ్రం పెద్దదవుతుంది, షాఫ్టు వంగుతుంది. వెనక ఎవరూ నిలబడకూడదు, ఒక్కసారిగా ఊడివచ్చిన బాణం నాక్ (వెనక కొన) కంటికి తగలవచ్చు. ఫోమ్‌కు అతుక్కునే బాణాల ముందు భాగానికి పొడి సబ్బు రుద్దితే లాగడం తేలికవుతుంది.

ఏ ఇంటికి ఏది?

వెదురు విల్లుతో ఇండియన్ రౌండ్ మొదలుపెట్టే పిల్లలకు బిగించి కట్టిన గడ్డి దిమ్మె, దాని ముందు వలయాల కాగితం చాలు. రికర్వ్ వాడేవారికి గుడ్డ సంచులు నప్పుతాయి, జింక కావాలంటే వాటి మీద గుడ్డ బొమ్మ తగిలించవచ్చు. కాంపౌండ్ విల్లున్న ఇంటికి పట్టీల దిమ్మె తప్పదు, చుట్టూ గుడ్డ సంచులు ఉంటే ఖర్చు తగ్గుతుంది. 3డి పోటీల వైపు వెళ్లేవారు మాత్రమే ఫోమ్ జింక కొనాలి. అదీ గుండె దిమ్మె విడిగా మారేది, ఆ దిమ్మె మళ్లీ దొరికేది అయితేనే. ఒకే పెరట్లో రెండు మూడు రకాల విల్లులు ఉంటే అన్నిటికంటే బలమైన విల్లును బట్టి టార్గెట్ ఎంచుకోవాలి.